ఒతానాయి పాదం

మా పైడిరాజు చెవి మంచిదే. ఆ చెవి వెనకాల కూర్చున్న ఊహ మాత్రం బస్సు ఆగకముందే దిగిపోయే రకం.

విశాఖపట్నంలో మా పరిశోధనశాలకు జపాన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను భోజనానికి వెళ్ళాను. ఫోనెత్తినవాడు పైడిరాజు, మా ఆఫీసు వ్యవహారాలన్నీ చూసేవాడు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి గుమ్మంలోనే అడ్డం తగిలాడు.

"సార్, ఆ జపానమ్మ ఒక్కర్తీ రావట్లేదండి. ఆశాలతని కూడా తెస్తన్నారంట."

"ఆశాలత ఎవరయ్యా?"

"నాకేటి తెలుసండి? చిన్న ఆశాలత నాతోటి వస్తంది, మా సున్నితం, జాగర్తగా సూడండి అన్నారు. వయసెంతమ్మా అనడిగినానండి. ఆరున్నర అని ఇంకేటో అంటంటే లైను కట్టయిపోనాది."

"జపాన్ పిల్లకి ఆశాలత అని పేరేమిటి?"

"తండ్రి మనోడై ఉంటాడండి." పైడిరాజు అప్పటికే ఆ తండ్రికి ఊరూ ఉద్యోగమూ కూడా ఇచ్చేసినట్టున్నాడు. "శ్రీకాకులం కుర్రాళ్ళు ఎక్కడ లేరండి!"

ఇంటికి వెళ్ళి ఈ సంగతి మా ఆవిడతో చెప్పడం నేను చేసిన తెలివితక్కువ పని. ఆవిడ పేరు మంగతాయారు. తాయారు తయారవడం మొదలెడితే ఆపడం నా తరం కాదు. పక్కింటివాళ్ళ అటక మీంచి చిన్న మంచం దిగింది. మా వీధి చివరి దుకాణంలోంచి కుందేళ్ళ బొమ్మలున్న దుప్పటి వచ్చింది. విమానాశ్రయానికి బయల్దేరే రోజున ఆవిడ చేతిలో ఎర్రటి గాలిబుడగ కూడా ఉంది.

మాకు పిల్లల్లేరు. మూడుసార్లు ఆశపడ్డాం, మూడుసార్లూ ఆ ఆశ సగం దారిలో దిగిపోయింది. ఆ సంగతి మేం మాట్లాడుకోం. గది మధ్యలో స్తంభం ఉంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు, చుట్టూ తిరిగి నడుస్తారు. అలాగన్నమాట.

విమానం దిగి కుమగాయి నత్సుకో గారు ఒక్కరే వచ్చారు. సన్నటి మనిషి, అరవై దాటినావిడ. గుండెలకు ఒక పెట్టెను హత్తుకుని ఉన్నారు. పైడిరాజుతో కలిపి మేం ముగ్గురం ఆవిడ వెనక్కి తొంగి చూశాం. వెనక ఒక లావుపాటి పెద్దమనిషీ ఆయన సూట్‌కేసూ తప్ప ఎవరూ లేరు.

"పాపేదండీ?" అంది తాయారు ఇంగ్లీషులో. (ఆ రోజుల్లో మా మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. నేను తెలుగులో రాస్తున్నాను, నత్సుకో గారి నెమ్మదిని మాత్రం వీలైనంత ఉంచుతున్నాను.)

"ఏ పాప?"

"ఆశాలత!"

నత్సుకో గారు ఆ పేరుని తనలో తాను ఒకసారి అనుకున్నారు. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. "అషిగత! అషి అంటే పాదం. గత అంటే అచ్చు. నేను తెచ్చింది ఒక చిన్న పాదం అచ్చు, మట్టి బిళ్ళ మీద ఉంది. వయసు ఆరున్నర వేలు."

నేనది తెలుగులో చెబితే, "వేళ్ళా, ఏళ్ళా?" అన్నాడు పైడిరాజు.

"ఏళ్ళే పైడిరాజూ," అన్నాను. "వేళ్ళు అయిదే. ఏళ్ళే వేలు."

అందరం నవ్వాం. నత్సుకో గారు నవ్వుతూ నవ్వుతూ తాయారు చేతిలో బుడగని చూసి ఆగిపోయారు. వంగి నమస్కరించి, "అది పాప కోసమే కదా, నేను తీసుకోవచ్చా?" అని దాని దారాన్ని పెట్టె పిడికి కట్టుకున్నారు. మా కారు బీచ్ రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ ఆ ఎర్ర బుడగ వెనక సీట్లో ఇద్దరాడవాళ్ళ మధ్య ఊగుతూ కూర్చుంది.

దారిలో నత్సుకో గారు చెప్పారు. ఆవిడ పురావస్తు తవ్వకాలు చేసేది జపాన్ ఉత్తరపు కొసన, ఒతానాయి అనే చిన్న సముద్రపు ఊళ్ళో. "చాలా పూర్వం, సముద్రం వెనక్కి తగ్గి ఉన్న కాలంలో కొందరు నడిచీ, కొందరు పడవల్లోనూ మా దీవులకు వచ్చారు. చేపలు పట్టారు, గింజలు ఏరుకున్నారు. పంటలు తెలియకముందే కుండలు చేశారు. తడి కుండ మీద తాడు నొక్కి ముగ్గులు వేసేవారు. అందుకే వాళ్ళని జోమోన్ మనుషులంటాం. తాడు గుర్తు అని అర్థం."

"పేరులోనే జో ఉంది," అన్నాను. "ఎవరో జోలపాట మొదలుపెట్టి ఆపేసినట్టు."

"ఆయన అలాగే మాట్లాడతారు, మీరు చెప్పండి," అంది తాయారు.

"పది వేల ఏళ్ళకు పైనే అలా బతికారు. తర్వాత పెద్ద భూమి వైపు నుంచి పడవల్లో వరి వచ్చింది, వరి పండించేవాళ్ళూ వచ్చారు. వాళ్ళ కాలాన్ని యాయోయి అంటాం."

యాయోయి! ఏయ్, ఓయ్ అని గట్టు మీంచి ఎవర్నో కేకేసినట్టు లేదూ? వరి వచ్చిందంటే వర్రీ వచ్చినట్టే. గట్లొచ్చాయి, గట్ల మీద గొడవలొచ్చాయి, గొడవలు తీర్చడానికి రాజులొచ్చారు, ఆ రాజులకి కొండలంతేసి సమాధులొచ్చాయి. ఇదంతా నేను పైకే అన్నాను. నత్సుకో గారు కొత్త విద్యార్థిని మెచ్చుకున్నట్టు తల ఊపారు.

"సరిగ్గా చెప్పారు. ఇద్దరూ కలిసిపోయి మేమయ్యాం. ఇవాళ మా ఒంట్లో ఎక్కువ భాగం తర్వాత వచ్చినవాళ్ళదే. పాతవాళ్ళ పాలు మాలో చాలామందికి చాలా తక్కువ. వాళ్ళు ఏ భాష మాట్లాడారో తెలియదు. పిల్లల్ని ఏమని పిలిచేవారో తెలియదు. మా మట్టిలో పులుపు ఎక్కువ, ఎముకల్ని కూడా తినేస్తుంది. మిగిలినవి వాళ్ళు మట్టి మీద నొక్కినవే."

ఆ నొక్కినవాటి కోసమే ఆవిడ మా దగ్గరికి వచ్చారు.

మా యంత్రం పేరు కాగితాల మీద స్పర్శగ్రాహి. లాబ్‌లో అందరూ పిలిచేది తాకట్టు మిషన్ అని. ఆ పేరు పెట్టింది నేనే, సిగ్గుపడను. అది ఏం చేస్తుందో నత్సుకో గారికి మర్నాడు ఒక పాత ఇటుకతో చూపించాను. మా జిల్లాలో ఒక శిథిలాల గుట్టకింద దొరికిన ఇటుక. ఎప్పుడో పచ్చిగా ఆరబెట్టినప్పుడు దాని మీద ఒక కుక్క నడిచి వెళ్ళింది.

"తడి మట్టిని నొక్కితే లోపలి సన్నటి రేకులు ఆ బరువుకి ఒరుగుతాయి. కాల్చాక అలాగే నిద్రపోతాయి," అంటూ ఇటుకని కిరణం కింద పెట్టాను. "ఈ వేడి వాటిని ఒక్కో పొరే లేపుతుంది. ఏ రేకు ఎటు ఒరిగిందో చూసి, ఆ నొక్కుడునే ఈ దిమ్మ తిరిగి నొక్కుతుంది. మీ అరచెయ్యి దీని మీద పెట్టండి."

దిమ్మ మెత్తగా ఉంటుంది, లోపల వెంట్రుకల్లాంటి సూదులు వేలకొద్దీ. నత్సుకో గారు చెయ్యి పెట్టారు. యంత్రం గొణిగింది. తెర మీద గీత లేచి పడింది. ఆవిడ ఓపికగా ఎదురుచూశారు.

"మొదలైందా?" అన్నారు.

"సగం అయిపోయిందండి!"

ఆవిడ చెయ్యి తీసి చూసుకున్నారు. ముప్ఫై చలికాలాలు మంచు బురదలో తవ్విన చేతులు. ఆపైన చక్కెర జబ్బు. "మణికట్టు దాటితే నాకు స్పర్శ లేదు," అన్నారు, తనకు గుడ్డల బీరువా లేదని చెప్పినంత మామూలుగా. "మీ యంత్రం బలంగా నొక్కుతుందేమో, తెలుస్తుందేమో అనుకున్నాను."

మిగిలిన సగానికి, మాతో వచ్చిన తాయారు చెయ్యి పెట్టింది. ఆవిడ అంధుల బడిలో బ్రెయిలీ నేర్పుతుంది. చుక్కలతో చదువు చెప్పే చెయ్యి. కళ్ళు మూసుకుని ఒక్క నిమిషంలో నవ్వేసింది.

"కుక్కండీ! ఆడుకుంటోంది. కాదు కాదు, కుంటుతోంది. వెనక కాల్లో ఏదో గుచ్చుకుంది. అయ్యో, పాపం, ఇక్కడ కాలు ఎత్తేసింది."

"ఆ కుక్కకి ముల్లు తీసినోడెవడోనండి," అన్నాడు పైడిరాజు తలుపు దగ్గర్నించి.

కిరణం ఆరిపోయింది. తాయారు మళ్ళీ చెయ్యి పెట్టింది. ఈసారి దిమ్మ కదలలేదు. ఇటుక మీద గుంటలు ఉన్నాయి, కుక్క లేదు. లేచిన రేకులు మళ్ళీ పడుకోవు. తాకట్టు అన్నది అందుకే. ఇక్కడ పెట్టినదాన్ని ఎవరూ విడిపించుకోలేరు.

నత్సుకో గారు ఆ మూగ ఇటుకని చాలాసేపు చూశారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో దోసకాయ పప్పన్నం తింటూ తన సంగతి చెప్పారు. ఒతానాయిలో ఒక సమాధి దొరికింది, గుంట పొడవును బట్టి పెద్దవాళ్ళది. మనిషి మిగల్లేదు. ఛాతీ ఉండాల్సిన చోట ఈ బిళ్ళ ఉంది. అలాంటివి ఉత్తరాన ఇంకా దొరికాయి. పసిపాదాల అచ్చులు, పెద్దవాళ్ళ సమాధుల్లో. ఎందుకు తీసుకున్నారు? పిల్ల నడక నేర్చిందన్న సంబరానికి తీసుకున్నారని నత్సుకో గారి వాదం. చనిపోయిన పిల్ల పాదానికి తడి మట్టి అద్ది గుర్తుగా ఉంచుకున్నారని ఆవిడ తోటివాళ్ళ వాదం.

"బతికున్న పాదం ఊరుకోదు," అన్నారు. "చల్లటి మట్టి తగిలితే వేళ్ళు ముడుచుకుంటుంది, తన్నుతుంది. ఆ తన్నుడు లోపల ఉంటుంది కదా, శేషగిరి-సాన్?"

నా పేరు శేషగిరి. మన గారు లాంటి ఆ సాన్ తగిలించేసరికి సానపట్టినట్టయింది. "ఉంటుందండి. ఉంటే దొరుకుతుంది."

"ఊరంతా ఒప్పుకుంది, ఒక్కసారి చదవడానికి. ఆ ఊరి బళ్ళో పిల్లలు చేరిన రోజున తమ పాదాన్ని ఈ పాదం బొమ్మ పక్కన పెట్టి చూసుకుంటారు. మా మొదటి పాప అంటారు. రేపు వాళ్ళందరూ వ్యాయామశాలలో కూర్చుని మనల్ని తెర మీద చూస్తారు. ఆ పాప తన్నిందని చెప్పాలని నా కోరిక. నా చెయ్యి పనికిరాదు. తాయారు-సాన్, మీరు..."

"పెడతాను," అంది తాయారు, ఆవిడ మాట పూర్తి కాకుండానే.

నేను గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. తాయారు వెనకే వచ్చింది.

"నువ్వొద్దు," అన్నాను.

"మరెవరు? మీ పైడిరాజు చేతికిస్తే కుక్కని గుర్రమంటాడు."

"తన్నకపోతే? చల్లటి పాదం నీ చేతిలో ఉండిపోతే? తెలుసుకునేది ఆవిడ, మోసేది నువ్వు."

తాయారు కుళాయి కట్టేసింది. "నేను మోసినవన్నీ మధ్యలోనే దిగిపోయాయి కదండీ. ఇదొక్కటి చివరిదాకా మొయ్యనివ్వండి." చెయ్యి పైట కొంగుకి తుడుచుకుని, అరచెయ్యి తెరిచి నాకు చూపించింది. "ఒక్కసారి ఒక పాదం ఇక్కడ తన్నాలి. ఎవరిదైతేనేం."

నాకు మాటలతో ఆడుకోవడం వచ్చు. ఆ మాటతో ఆడుకోవడం రాలేదు.

మర్నాడు పొద్దున్న పది గంటలకి, జపాన్‌లో మధ్యాహ్నం దాటాక, గోడ మీది తెరలో ఒతానాయి కనిపించింది. పెద్ద వ్యాయామశాల. బయట మంచు వెలుతురు. చాపల మీద ముందు వరసల్లో బడిపిల్లలు, వెనక ఉన్నికోట్లు వేసుకున్న పెద్దవాళ్ళు, పక్కగా గోడకి ఆనుకుని చేపలవాళ్ళలా కనిపించే నలుగురైదుగురు. అందరూ ఒక్కసారి వంగి నమస్కరించారు. పైడిరాజు కంగారుపడి రెండుసార్లు నమస్కరించాడు.

నత్సుకో గారు పెట్టె తెరిచారు. బిళ్ళ అరచేతి కన్నా కాస్త పెద్దది, కాల్చిన బెల్లం రంగు. మధ్యలో పాదం. ఇంతే ఉంది, నా బొటనవేలికి రెండింతలు. చిటికెన వేలు మాత్రం వరసలో లేకుండా పక్కకి ఒరిగి ఉంది.

"సిద్ధమా?" అన్నాను.

"సిద్ధం," అంది తాయారు. దిమ్మ మీద అరచెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఆవిడ ముఖంలో అలాంటి ఎదురుచూపు నేను ఇదివరకు ఆసుపత్రి వరండాల్లో చూశాను.

మీట నొక్కాను.

కిరణం మడమ దగ్గర మొదలైంది. గీత లేచింది, నిలకడగా, బలంగా. వణుకు లేదు. అరికాలు మీదుగా జరిగింది. అదే నిలకడ. తర్వాత వేళ్ళు. ఒక చిన్న నొక్కు, విడుపు. ఇంకో నొక్కు, విడుపు. చివర గీత కాస్త చెదిరింది, నాకది మట్టిది కాదు, యంత్రం గోలలా తోచింది. తర్వాత చదునైపోయింది. బిళ్ళ మీంచి సన్నటి పొడి రాలింది.

ఎక్కడా తన్నుడు లేదు.

నత్సుకో గారు గీతలు చదవగలరు. వాటిని చూసి, కుర్చీని వెతుక్కుని కూర్చున్నారు. "కదల్లేదు," అన్నారు. "చనిపోయిన పాదమే. వాళ్ళ మాటే నిజం."

నేను తాయారు భుజం మీద చెయ్యి వేశాను. "తీసెయ్. చాలు."

తాయారు తియ్యలేదు. కనుబొమ్మలు ముడిచింది, విద్యార్థి తప్పు చదివినప్పుడు ముడిచినట్టు.

"ఇది పాదం కాదండీ."

"ఏమిటీ?"

"మడమ దగ్గర మడత ఉంది. వేలు మడిచిన మడత. ఇది పిడికిలి. పిడికిలిని పక్కకి తిప్పి ఆనించింది. తర్వాత వేలికొసతో ఒక్కోటీ..." కళ్ళు తెరిచి నావైపు చూసింది. "కృష్ణ పాదమండీ ఇది!"

"సార్, ఆళ్ళు సూస్తన్నారండి," అన్నాడు పైడిరాజు గొంతు తగ్గించి. "ఏటో ఒకటి సెప్పండి."

"ఆగమను. నువ్వు క్యాంటీన్‌కి వెళ్ళి బియ్యప్పిండి పట్రా!" అంది తాయారు.

పిండి వచ్చింది. తాయారు గిన్నెలో నీళ్ళు కలిపి, పిడికిలి బిగించి, చిటికెన వేలివైపు అంచుని అందులో ముంచి, నల్లరాతి బల్ల మీద ఆనించి ఎత్తింది. అరికాలు పడింది. పైన వేలికొసతో అయిదు చుక్కలు. మన ఇళ్ళల్లో కృష్ణాష్టమి నాడు గుమ్మంలోంచి పూజగది దాకా ఆడవాళ్ళు వేసే పసిపాదం, తెల్లగా, తడిగా, నా పరిశోధనశాల బల్ల మీద.

నత్సుకో గారు లేచి వచ్చారు. బల్ల మీది పాదాన్నీ బిళ్ళ మీది పాదాన్నీ మార్చి మార్చి చూశారు. కొలబద్ద తీశారు. మళ్ళీ లోపల పెట్టేశారు.

"మీకిది ఎవరు నేర్పారు?"

"మా అమ్మ. దేవుడు పసివాడై ఇంట్లోకి నడిచి వస్తాడని వేస్తాం. పిల్లలున్న ఇళ్ళల్లో అసలు పిల్లాడి పాదమే ముంచి వేస్తారు కొందరు. లేనివాళ్ళకి పిడికిలే."

"ముప్ఫయ్యేళ్ళు," అన్నారు నత్సుకో గారు మెల్లగా. "బతికున్న పాపా, చనిపోయిన పాపా అని ముప్ఫయ్యేళ్ళు దెబ్బలాడుకున్నాం. అసలు పాపే లేదు. ఇది ఒట్టి బొమ్మ. ఒట్టి ముగ్గు." తెర మీద ముందు వరసలో ఒక బుడతడు చాప మీద తన కాలు చాపి, వేళ్ళు ఆడిస్తున్నాడు. ఆవిడ అటు చూడలేకపోయారు. "వాళ్ళకేం చెప్పను?"

"ఇంకా అవ్వలేదు, ఉండండి," అంది తాయారు. తన అరచేతిని తన ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది, అందులో ఏదో రాసి ఉన్నట్టు. "చిటికెన వేలి దగ్గర ఏదో చేసింది. మొదట మామూలుగా పెట్టింది, వరసలో. ఆగింది. తర్వాత వేలితో రాసి చెరిపేసింది. ఇలా, రెండుసార్లు. అప్పుడు మళ్ళీ పెట్టింది, ఈసారి వంకరగా."

నేను యంత్రం గోల అనుకున్న చోటికి వెళ్ళి గీతని పెద్దది చేశాను. ఉంది. ఒక నొక్కు. పక్కకి లాగిన రెండు ఒత్తిళ్ళు. వాటి మీద ఇంకో నొక్కు, ఒరిగి. పైకి కనిపించే ఒరిగిన వేలి కింద, ఎవరికీ కనిపించకుండా, తిన్నటి వేలొకటి ఇన్ని వేల ఏళ్ళూ చెరిపేసి పడి ఉంది.

"దిద్దింది," అన్నాను.

"అవునండీ, దిద్దింది." తాయారు నత్సుకో గారివైపు తిరిగింది. "నత్సుకో గారూ, నేను పెళ్ళయిన దగ్గర్నించీ ఏటేటా ఈ పాదాలు వేస్తున్నాను. ఒక్కసారీ దిద్దలేదు. ఎలా పడితే అలా ఉంచేస్తాను, అన్నీ బాగానే ఉంటాయి. దిద్దాలంటే ఎవరిదో తెలియాలి కదా! ఆ పాదం ఇలా ఉండదు, ఇలా ఉంటుంది అని చెప్పాలంటే చూసి ఉండాలి. స్నానం చేయించి ఉండాలి. ఆవిడకి తెలుసు. ఆ పిల్లకి చిటికెన వేలు వంకర."

పైడిరాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నొక్కినది తల్లో, తండ్రో, అవ్వో యంత్రం చెప్పదు. తాయారు ఆవిడ అంటోంది. నేను కాదనను. ఆ పిల్లని సముద్రం తీసుకుందో, జబ్బు తీసుకుందో, అచ్చు తీసుకోవడానికి పాదం కూడా మిగల్లేదు. చేతిలో మట్టి ఉంది, కాలు లేదు. కాబట్టి పిడికిలి బిగించింది.

నత్సుకో గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తెర ముందుకు వెళ్ళి నించున్నారు. జపనీసులో మొదలుపెట్టారు. నాకు అర్థమైనవి రెండే మాటలు, అషి అన్నదీ, జోమోన్ అన్నదీ. కానీ ఏం చెబుతున్నారో తెలుస్తూనే ఉంది. బిళ్ళని చూపించారు. బల్ల మీది పిండి పాదాన్ని చూపించారు. పిడికిలి బిగించి చూపించారు. ఆ వ్యాయామశాలలో గుసగుస లేచింది. వెనక వరసలోంచి ఒకాయన లేచి, కాస్త కోపంగానే ఏదో అడిగాడు.

"ఏమంటున్నారు?" అంది తాయారు.

"అయితే మా పాప ఆ రోజు అక్కడ లేదా, అంటున్నారు." నత్సుకో గారు ఆయనవైపు తిరిగి జవాబిచ్చారు. తర్వాత మా కోసం తిప్పి చెప్పారు. "లేదు, లేదు కాబట్టే చేశారు, అన్నాను."

ఆయన నించునే ఉన్నాడు. కూర్చోవడం మర్చిపోయినట్టున్నాడు.

గోడ పక్క నుంచి ఒక ముసలావిడ ముందుకు వచ్చింది. తలకి గుడ్డ కట్టుకుంది, కెమెరాకి మరీ దగ్గరగా వచ్చేసరికి ముఖం సగమే కనిపించింది. ఆవిడ అడిగింది చిన్న మాట.

"ఎలా నొక్కిందో చూపించమంటోంది," అన్నారు నత్సుకో గారు. "బిళ్ళలో ఇంకేమీ లేదు కదా, శేషగిరి-సాన్?"

"లేదండి. గీతలు మిగిలాయి, నొక్కుడు అయిపోయింది."

"అయితే అది ఇప్పుడు తాయారు-సాన్ దగ్గరే ఉంది."

తాయారు తన చేతిని చూసుకుంది. మా యంత్రం ఆ ఊరివాళ్ళ దగ్గర్నించి శాశ్వతంగా లాగేసుకున్నది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. మిగిలిన ఒకే ఒక్క ప్రతి మా ఆవిడ ఎక్కడ పెట్టుకుందో కూడా.

నత్సుకో గారు అరచెయ్యి చాపబోయి, ఆగి, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచారు. స్పర్శ బతికున్న చోటు మణికట్టు పైన మొదలవుతుంది. ముంజేతి లోపలివైపు, తెల్లగా, పలచగా, చలి తగలని చర్మం.

"ఇక్కడ," అన్నారు.

తాయారు పిడికిలి బిగించి ఆ చర్మం మీద ఆనించింది. గట్టిగా, నిలకడగా. ఎత్తింది. వేలికొసతో బొటనవేలు పెట్టింది. దాని పక్కన ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి. చిటికెన వేలు వరసలో పెట్టింది. ఆగింది. వేలితో మెల్లగా రాసింది, రెండుసార్లు. ఒరిగేలా మళ్ళీ పెట్టింది.

నత్సుకో గారు కళ్ళు మూసుకునే ఉన్నారు. పెదవులు కదిలాయి. ఏ భాషలోనో తెలియదు.

తెర మీద ముసలావిడ వెనక్కి తిరిగింది. దగ్గరగా కూర్చున్న బడిపిల్ల చెయ్యి అందుకుని, దాని ఉన్ని చొక్కా చేతిని పైకి మడిచి, తన పిడికిలి ఆనించింది. ఆ పిల్ల పక్కవాడి చెయ్యి లాక్కుంది. ఇందాక కోపంగా లేచినాయన తన పక్కనున్న పెద్దావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చొక్కా మడుచుకున్నాడు. ఒక వరస, దాని వెనక వరస, గోడ పక్కన చేపలవాళ్ళు. వంద మంది వంద మంది చేతులు పట్టుకుని వంగి ఉన్నారు.

"ఏటి సేస్తన్నారండి ఆళ్ళు?" అన్నాడు పైడిరాజు.

తాయారు తెర దగ్గరికి వెళ్ళి నించుంది. ముందు వరసలో ఆ బుడతడు నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా, తన స్నేహితుడి చేతి మీద చుక్కలు పెడుతున్నాడు. చివరి చుక్క పెట్టాడు. ఆగాడు. వేలితో రాసి చెరిపేశాడు. తల పక్కకి వంచి చూసి, వంకరగా మళ్ళీ పెట్టాడు.